కాలవ మీద నేను బిగించిన ఇనుప వంతెన

ఆ ఏడాది వానలకు హనుమాన్ జంక్షన్ అవతల ఒక ఊరి కాలవ వంతెన కూలిపోయింది. బడికైనా చేలకైనా జనం చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చేది. కొత్తది కట్టేలోగా తాత్కాలికంగా ఇనుప వంతెన వేయమని నన్ను పంపారు. ఇంజనీరుగా నేను ఒక్కదాన్నే బాధ్యత తీసుకున్న మొదటి పని అది.

లారీల్లో దిగినవి పందిరి మంచమంతేసి ఇనుప చట్రాలు. అన్నీ ఒకే కొలత. ఆరుగురు పట్టుకుంటే ఒకటి లేస్తుంది. కొసకు కొస చేర్చి బోల్టులు బిగిస్తూ పోతే గట్టు మీదే వంతెన తయారవుతుంది. తర్వాత దాన్ని రోలర్ల మీద అవతలి గట్టుకు నెట్టాలి.

చూడ్డానికొచ్చిన ఓ ముసలి రైతు, "ఈ కిటికీ ఊచల మీద వడ్ల ట్రాక్టరు ఎక్కుద్దా అమ్మాయ్?" అన్నాడు.

"ఎక్కుద్దండీ, చూద్దురుగాని" అన్నాను.

మూడో రోజు ఆరో చట్రం దగ్గర పని ఆగింది. బెజ్జాలు కలవలేదు. బోల్టు సగం దూరి ఇరుక్కుంది. నాకంటే ఇరవై ఏళ్ళ అనుభవం ఎక్కువున్న ఫిట్టర్ మేస్త్రి గ్యాస్ కట్టర్ తెప్పించాడు.

"బెజ్జం కాస్త పెద్దది చేస్తే అయిపోద్ది మేడమ్."

"వద్దండీ. బోల్టు వదులైతే బరువు పడ్డప్పుడు అక్కడే ఆడుద్ది. చట్రంలో తప్పు లేదు, కింద ఏదో తేడా వచ్చింది."

ఆయన మొహం తిప్పుకున్నాడు. నేను మాట మార్చలేదు. నీళ్ళ ట్యూబు పట్టి, చట్రాల కింద వేసిన చెక్క దిమ్మల మట్టం ఒక్కొక్కటే చూశాను. తడి గట్టులో నాలుగో దిమ్మ రెండు వేళ్ళ మందం దిగిపోయింది. దాంతో పైన చట్రాలు మెలి తిరిగాయి. బోల్టులు వదులు చేయించి, జాకీతో లేపించి, కింద పలకలు వేయించాను. ఈసారి బోల్టు చేత్తో తోయగానే దూరింది.

మేస్త్రి స్పానర్ నా చేతికిచ్చాడు. "ఇది మీరే బిగించండి మేడమ్."

మరో నాలుగు రోజులకు వంతెన అవతలి గట్టు చేరింది. ఇసుక టిప్పరును నడిమధ్య నిలబెట్టాం. వంతెన అనుకున్నదానికంటే తక్కువే వంగింది. టిప్పరు దిగగానే మళ్ళీ మట్టానికొచ్చింది. ఆ సాయంత్రమే ట్రాక్టర్లు, వాటి వెనకే బడి బస్సు దాటాయి.

అందరూ వెళ్ళాక ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, మంగళగిరిలో ఉన్న నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, నేను వేసిన వంతెన మీద నించుని మాట్లాడతన్నా."

"ఫొటో పంపమ్మా, ఆదివారం చర్చిలో అందరికీ చూపిస్తా" అన్నారు.

ఎనిమిది పంపాను.