బద్ధకం కాదని తేలాక

లాన్‌సెస్టన్ పట్టణంలోని ఒక పశువుల ఆసుపత్రిలో మెరిన్ టోలీ పదకొండేళ్లుగా రిసెప్షన్‌లో పనిచేస్తోంది. ఎవరి కుక్కకు ఏ మందు పడదో నోటికి చెప్పేస్తుంది గానీ, కూతురు ఐలా బడికి సంతకం చేసి పంపాల్సిన కాగితాన్ని మాత్రం మూడుసార్లు పోగొట్టింది. ఐలాకు ఏడీహెచ్‌డీ ఉందని, అంటే మనసు ఒకచోట నిలవకపోవడమని, డాక్టరు వివరిస్తుంటే మెరిన్‌కు అదంతా తన కథే అనిపించింది. నలభై ఒకటో ఏట తనకూ పరీక్ష చేయమని అడిగింది.

పన్నెండు పేజీల ఫారం నింపమన్నారు. మొదటిది ఎక్కడో పెట్టి మరిచిపోయింది. రెండోది పంపి, పద్నాలుగు నెలలు ఆగి, గురువారం వెళితే అపాయింట్‌మెంట్ బుధవారమే అయిపోయిందన్నారు.

"నేనొచ్చిందే ఈ మతిమరుపు గురించి కదమ్మా!" అని కౌంటరులో అమ్మాయి మీద అరిచింది.

"సారీ అండీ. మళ్లీ ఐదు నెలలు పడుతుంది."

మెరిన్ కారులో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

చిన్ననాటి బడి రిపోర్టులు కూడా కావాలన్నారు. తల్లి గ్లెనిస్ అవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచింది. ప్రతి ఏడూ ఒకటే మాట: తెలివి ఉంది, బద్ధకం ఎక్కువ.

"అప్పుడే ఎవరికైనా చూపించాల్సిందమ్మా."

"ఎవరికి చూపిస్తానే? ఆడపిల్లలకి ఇదొస్తుందని అప్పుడెవడన్నాడు? నాకూ గిన్నె మాడని రోజు లేదు. ముగ్గుర్ని పెంచలేదా?"

"అదేనమ్మా నేను చెప్పేది, నీకూ ఇదే ఉంది!"

చివరికి డాక్టరు మెరిన్‌కూ అదే ఉందని తేల్చాడు. ఇంటికొచ్చాక భర్త డేల్ సంతోషంగా, "పోన్లే, తెలిసింది కదా. మందేసుకుంటే సరిపోతుంది," అన్నాడు.

"సరిపోతుందా? పందొమ్మిదేళ్లకే నర్సు చదువు మానేశాను, నా వల్ల కాదనుకుని. ఇన్నేళ్లూ నువ్వేమన్నావ్? 'కాస్త శ్రద్ధ పెట్టు మెరిన్' అనేగా!"

డేల్ చేతిలోని తడిగుడ్డ పక్కన పెట్టాడు. "తప్పేనే," అన్నాడు. దాంతో ఆమె కోపం చల్లారలేదు.

మందు కొంత పనిచేసింది. ఆసుపత్రిలో మొదలుపెట్టిన పని ఇప్పుడు పూర్తవుతోంది. కానీ సాయంత్రం నాలుగయ్యేసరికి దాని బలం తగ్గిపోతుంది. వంట, హోంవర్కు, ఉతికిన బట్టల గుట్ట అన్నీ సరిగ్గా అప్పుడే మీదపడతాయి.

"మందు కూడా జీతమిచ్చేవాళ్లకే పనిచేస్తోంది," అని విసుక్కుంటూ మెరిన్ బంగాళదుంపల తొక్క తీయసాగింది.