ఆఖరున తినేదెవరు?

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్నే బిలాస్‌పూర్ తార్‌బహార్ నుంచి ఫోను వచ్చింది, ప్రొఫెసర్ అత్త ఇక లేదని. చుట్టరికమేమీ లేదు. రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్, అంతే. అయినా ఆ రోజు ఆఫీసుకు వెళ్ళలేకపోయాను.

మా బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్ళలో అర్థశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల ఆమే. గూడ్సు డ్రైవరు కూతురు. వాళ్ళమ్మ, భర్త డ్యూటీ దిగి వస్తే గానీ ముద్ద ముట్టేది కాదట. గూడ్సుబండికి వేళాపాళా ఏముంది? అలా పస్తులుండీ ఉండీ కడుపులో పుండుతో పోయింది. అత్త ఏడ్చి ఊరుకునే రకం కాదు. దాన్నే పరిశోధనకు తీసుకుంది.

కాలనీలో ఇల్లిల్లూ తిరిగి, మొగుడు డ్యూటీ దిగిన వేళ ఒక వైపు, పెళ్ళాం అన్నం తిన్న వేళ ఒక వైపు రాసుకుంది. ఇంట్లో బియ్యాన్ని తలలతో భాగించి సరిపెట్టే అర్థశాస్త్రం పెద్దలు, ఇవి వంటింటి కబుర్లని నవ్వారట. "ఇల్లంటే ఒక్క నోరేనా అండీ?" అని అడిగి, ఆ కాగితాలు వాళ్ళ ముందు పెట్టిందట. మళ్ళీ ఎవరూ నవ్వలేదు. అప్పటినుంచి ఆమె సర్వేల్లో మొదటి ప్రశ్న ఒకటే: ఈ ఇంట్లో ఆఖరున తినేదెవరు? తఖత్‌పూర్ పల్లెల్లో, సిర్గిట్టి కార్మికుల ఇళ్ళల్లో అదే అడిగింది. ఆ పద్ధతి నేర్చుకోవడానికి ఢిల్లీ నుంచి కూడా విద్యార్థులు వచ్చేవారు. "మగాడు చెప్పింది రాసీకండి. గిన్నె అడుగు చూసి రాయండి," అనేది వాళ్ళతో. అత్త వాకిట్లో అన్ని జతల చెప్పులు చూస్తే నాకే గొప్పగా ఉండేది.

అంతటి మనిషీ మా అమ్మ దగ్గర ఓడిపోయింది. మా నాన్నా గూడ్సు డ్రైవరే. మధ్యాహ్నం మూడైనా అమ్మ తినకుండా కూర్చుంటే, అత్త వచ్చి గుమ్మంలో నిలబడేది.

"వదినా, బండి సిగ్నల్ కాడ ఆగితే నీ ఆకలి కూడా ఆగిపోతాదేటి?"

"మీ అన్నయ్య రాకండా నానెలా తింటానమ్మీ?"

"అచ్ఛా, తినకు. నీ పేరూ రాసుకుంటాను."

దేశమంతా నా మాట వింటాది గానీ గోడవతల మనిషి వినదని నా దగ్గర మొత్తుకునేది. అమ్మ రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది. నాన్న రిటైరయ్యాక కూడా, ఆయన పేపరు మడిచి లేస్తే గానీ కంచం ముందుకు వచ్చేది కాదు. ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు అత్త నన్ను అడిగిందీ అదే: "వదిన తిన్నాదా?"

నేను అబద్ధం చెప్పలేకపోయాను.

పన్నెండో రోజు భోజనాలకు వెళ్ళాం. మగవాళ్ళను మొదటి పంక్తికి రమ్మన్నారు. అందరికంటే ముందు మా అమ్మ లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి, ఒక ఆకు ముందు కూర్చుంది. నాన్న వడ్డించే కుర్రాడి చేతిలోంచి అన్నం గిన్నె తీసుకున్నాడు. వంగని నడుమును వంచి అమ్మ ఆకులో వడ్డించాడు.

"ఇంకొంచెం ఎయ్యనా?"

అమ్మ తలెత్తకుండా, "ఎయ్యండి," అంది.