గేటు అక్కర్లేని బండి

మా మేనమామ పోయాడన్న కబురు అందినప్పుడు నేను నల్గొండలో, పనిచేసే ల్యాబులో, ఒక ముసలాయన చేతికి రబ్బరు పట్టీ బిగించి నరం వెతుకుతున్నాను. ఫోన్ చేసింది మా అత్తమ్మ. "అన్నం తిని పండుకున్నడు బిడ్డా, లేపితే లేస్తలేడు. డాక్టరొచ్చి చూసిండు. ఇగ లేవడట" అని, అంతే చెప్పి పెట్టేసింది. నేను ముసలాయన రక్తం తీసి, దూది పెట్టి, సీసా మీద పేరు రాసి, అప్పుడు బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. పని మధ్యలో వదిలేసి ఏడిస్తే మామ ఒప్పుకునే రకం కాదు.

మామ ముప్పై ఏళ్ళకు పైగా లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మా తాతలకు గుంట భూమి లేదు. కూలికి పోని మొదటి మనిషి మా ఇంట్లో ఆయనే. ఏ వస్తువునైనా ముందు అరచేయి తిప్పి, వేళ్ళ వెనక వైపుతో తాకి చూసి కానీ పట్టుకునేవాడు కాదు. కరెంటు ఉన్న తీగను అరచేత్తో ముట్టుకుంటే చేయి ముడుచుకుపోయి దాన్నే పట్టుకుంటుందట. వెనక వైపుతో తాకితే విదిలించుకుని బయటపడొచ్చట. తలుపు గడియ, నీళ్ళ మోటారు, చాయ్ గ్లాసు, అన్నిటికీ అదే పరీక్ష. పెళ్ళిలో అత్తమ్మ చేతిని కూడా అట్లాగే తాకి చూశాడని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

పోయిన మనిషి మంచితనం రాసి, దండం పెట్టి ముగించడం నాకు చేతకాదు. ఇది ఒకాయన చదవాలని కూడా రాస్తున్నాను. ఆయన పేరు రాయను. ఆ మర్యాద నా చేత్తో ఇవ్వను. మా ఊళ్ళో అందరూ ఆయన్ని గేటాయన అంటారు, ఇక్కడా అదే అంటాను.

మా ఊరి నుంచి హాలియా రోడ్డు మీదికి ఎక్కడానికి ఒక బండ్లబాట ఉండేది. నడిచినా పావుగంట. రాష్ట్రం వచ్చాక మా దిక్కు భూములకు ధరలు పెరిగి, గేటాయన ఆ బాటకు రెండు వైపులా ఉన్న చేన్లు కొన్నాడు. ప్లాట్లు చేశాడు, రంగురంగుల జెండాలు పాతాడు, తనకొక మేడ కట్టుకున్నాడు. ఒక రోజు పొద్దున లేచి చూస్తే బాటకు అడ్డంగా రెండు రెక్కల ఇనుప గేటు, పక్కనే కుర్చీలో వాచ్‌మన్. ఊరి భూముల నక్షాలో బాట ఉందని మావాళ్ళు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. కొలవడానికి మనిషి వస్తాడన్నారు. మేము ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాం.

గేటు పడ్డాక మిగిలింది కాలువ కట్ట మీద చుట్టు తిరిగే దారి. పొద్దున ఏడింటికల్లా ల్యాబులో ఉండాల్సిన నాకు బస్సు తప్పడం మొదలైంది. తప్పిన ప్రతిసారీ మాట పడ్డాను. ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటామని కూడా అన్నారు. మా నాన్న లేడు, ఇల్లు నా జీతం మీద నడుస్తుంది. ఒక సాయంత్రం నేను మామ దగ్గర కూర్చుని, గేటాయన కాళ్ళు పట్టుకునైనా నా ఒక్కదాని కోసం గేటు తీయించమని అడిగాను.

మామ చాయ్ తాగడం ఆపాడు. "అడుక్కోవద్దు బిడ్డా. గేటు అక్కర్లేని బండి కొనుక్కో" అన్నాడు.

బాట పక్కనే గుట్ట ఉంది. గొర్రెలు ఎక్కి దిగే సన్నటి తొవ్వ తప్ప దాని మీద అంతా రాళ్ళే. ఆ గుట్ట అవతలి పక్క దిగితే నేరుగా హాలియా రోడ్డు. మామ కరెంటు స్తంభాల కోసం ఉద్యోగకాలమంతా ఆ గుట్ట మీద పాత మోటార్‌సైకిల్‌తో తిరిగాడు. నేను అప్పటికి స్కూటీ తప్ప ఏదీ నడిపి ఎరగను. ల్యాబులో పనిచేసేవాళ్ళు ఫోన్‌లో పెద్ద పెద్ద బండ్లు చూపించారు, కొండలూ ఎడారులూ దాటేవి. మామ వాటిని చూసి నవ్వాడు. "నీ బతుకంత డాంబర్ రోడ్డు మీదనే ఉన్నది, పగ ఒక్కటే గుట్ట మీదున్నది. పగకు సరిపోయే బండి కొంటే బతుకుకు బరువైతది. రెంటికి పనికొచ్చేది చూడాలె."

ఇద్దరం నల్గొండలో షోరూముకు పోయాం. మామ చంకలో రెండు గోనెసంచులు మడిచి పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. షోరూములో టై కట్టుకున్నాయన నన్ను చూడగానే స్కూటర్ల వైపు చేయి చూపించాడు. "లేడీస్‌కు గివి మంచిగుంటయి మేడం."

"ఈమె గుట్టెక్కుతది" అన్నాడు మామ.

ఎత్తు బండ్లు రెండు చూపించారు. మామ ముందు ఒక్కో ట్యాంకునూ వేళ్ళ వెనక వైపుతో తాకాడు. ఆ తర్వాత నేల మీద మోకరించి ఇంజిన్ కింద చేయి పెట్టి జానతో కొలిచాడు. నేను ఎక్కి కూర్చుంటే రెండు కాళ్ళ మునివేళ్ళే ఆనుతున్నాయి. భయపడ్డాను. "ఒక్క కాలు మంచిగ ఆనితే సాలు. రెండు కాళ్ళు ఆనాల్నంటే కుర్చీల కూసో" అన్నాడు. ఆ తర్వాత గోనెసంచులు బయట మట్టి మీద పరిచి, టై ఆయనతో చాలా మర్యాదగా చెప్పాడు. "సారూ, మా బిడ్డ బండిని గీ సంచుల మీద పండవెడతది. మల్ల తనే లేపుతది."

ఆయన అది జోకు అనుకుని నవ్వాడు. నేను పెద్ద బండిని నిజంగానే పక్కకు ఒరిగించి పడుకోబెట్టేసరికి, నవ్వు పోయి లోపలికి మనిషి కోసం పరుగెత్తాడు. దాన్ని లేపలేకపోయాను. చుట్టూ జనం చేరారు. మామ పట్టించుకోలేదు. "గుట్ట మీద పడ్డవనుకో, లేపెటందుకు ఎవడొస్తడు? గేటాయననా?" రెండో బండి చిన్నది, తేలికది. దానికి వీపు ఆనించి, హ్యాండిల్ ఒక చేత్తో, వెనక రాడ్ ఒక చేత్తో పట్టుకుని, చేతులతో కాక కాళ్ళతో నెట్టమన్నాడు. మూడోసారి లేచింది. "గిదే" అన్నాడు మామ, సంచులు దులిపి మడిచాడు. బండి మీద గీత కూడా పడలేదు. అయినా టై ఆయన మేము పోయేదాకా దాన్ని తుడుస్తూనే ఉన్నాడు.

గుట్ట ఎక్కడం నేర్పడానికి నెల పట్టింది. పడ్డాను, చెప్పుకోలేనన్నిసార్లు. మోచేయి చెక్కుకుపోయింది. మామ చేయి అందించేవాడు కాదు, నేను లేపేదాకా బండరాయి మీద కూర్చుని బీడీ తాగేవాడు. "రాయిని చూస్తే రాయి మీదికే పోతవ్. నడుమ జాగ చూడు" అనేవాడు. రాళ్ళ మీద పట్టు దొరకడానికి గుట్ట కింద టైర్లలో కొంత గాలి తీసేయాలి, అవతల రోడ్డెక్కే ముందు మళ్ళీ కొట్టుకోవాలి. రిటైరైన మనిషి రోజూ పొద్దున్నే కాలి పంపు పట్టుకుని గుట్ట అవతల నా కోసం నిలబడేవాడు. నేనే కొట్టుకుంటానంటే వినలేదు.

గుట్ట నడినెత్తికి పోతే గేటాయన మేడ ఎదురుగా ఉంటుంది. ఆయన ఆ వేళకు బాల్కనీలో చాయ్ తాగుతుంటాడు. "హారన్ కొట్టు. తిట్టినట్టు కాదు, నమస్తే పెట్టినట్టు రెండుసార్లు కొట్టు" అన్నాడు మామ. రోజూ కొట్టాను. ఆయన తల తిప్పుకునేవాడు. కొన్నాళ్ళకు కుర్చీ తిప్పుకున్నాడు. నేను పొద్దున లేచేదే ఆ రెండు హారన్ల కోసమని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఆరేడు నెలలు తిరిగేసరికి పాలు పోసేవాళ్ళు, కాలేజీకి పోయేవాళ్ళు ఒక్కొక్కరే ఆ తొవ్వ పట్టారు. ప్లాట్లు చూడటానికి కార్లలో వచ్చినవాళ్ళు, ఇంత మంచి గేటు పెట్టుకుని జనం గుట్టెందుకు ఎక్కుతున్నారని గేటాయననే అడిగారట. ఆ మాట విన్న రోజు మామ అత్తమ్మ చేత కోడి కోయించాడు.

తొవ్వలో రాళ్ళు తీసేద్దామని మేమంతా అన్నాం. మామ ఒప్పుకోలేదు. "మీకేమన్న తెలివున్నదా? తొవ్వ సాపైతే దీనికి గూడ గేటు వెడతడు. రాళ్ళే మన కాగితాలు." ఒక్క రాయి కూడా ముట్టుకోనివ్వలేదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ ఏటి వానాకాలంలో గుట్ట జారుడుగా ఉండి రెండు రోజుల్లో మూడుసార్లు పడ్డాను. మూడో రోజు వాచ్‌మన్ మా ఇంటికి వచ్చి ఒక తాళంచెవి ఇచ్చాడు. "సారు ఇయ్యమన్నడు. నీ ఒక్కదానికే. ఎవ్వలకు చెప్పద్దన్నడు." మర్నాడు జోరువాన. నేను ఆ తాళంచెవితో గేటు తీసుకుని, నున్నటి సిమెంటు రోడ్డు మీదుగా, బట్టలకు బురద అంటకుండా రోడ్డెక్కాను. రోడ్డు మలుపులో మామ ఉన్నాడు. నెత్తిన ప్లాస్టిక్ సంచి, చేతిలో పంపు. నేను గుట్ట వైపు నుంచి రాలేదని చూశాడు. టైర్లు చూశాడు. గాలి కొట్టాల్సిన అవసరం లేదు.

నేను తాళంచెవి తీసి చూపించాను. ఆయన దాన్ని చేయి తిప్పి వేళ్ళ వెనక తాకాడు. "దీంట్ల కరెంటున్నది బిడ్డా. చెయ్యి ముడుచుకపోతది" అన్నాడు. తిట్టలేదు. పంపు భుజాన వేసుకుని వానలో నడిచిపోయాడు. ఆ సాయంత్రం తాళంచెవిని గేటు ఊచకు తాడుతో కట్టేసి, నేను గుట్ట ఎక్కాను. మళ్ళీ పడ్డాను. ఇంటికి పోయేసరికి అత్తమ్మ పసుపు నూరి ఉంచింది.

బతికున్నవాళ్ళకు మూసే ఆ గేటును చనిపోయినవాళ్ళకు తీస్తారు. మా కాడు గుట్టకు అవతల ఉంది. పాత బాటలోంచే పోవాలి. ఎవరైనా పోతే ఇద్దరు పెద్దమనుషులు గేటాయన దగ్గరికి పోయి అడగాలి. ఆయన గంటసేపు తీయిస్తాడు, తానే వచ్చి ఒక దండ వేస్తాడు. ఫొటో కూడా తీయించుకుంటాడు. మామ కళ్ళ ముందే అట్లా చాలామంది పోయారు. ప్రతిసారీ ఆయన పాడె వెంట గేటు దాకా నడిచి అక్కడి నుంచి గుట్ట ఎక్కి కాడుకు చేరేవాడు.

మామ పాడె లేపిన రోజు మేము ఎవరినీ గేటాయన దగ్గరికి పంపలేదు. మర్చిపోయామనుకున్నాడో ఏమో, ఆయనే తీయించాడు. ఊరి చివర బాటా గుట్ట తొవ్వా విడిపోయే చోట దింపుడు కల్లం. పాడె దించి, మామ చెవిలో మూడుసార్లు పిలిచారు. ఆయన పలకలేదు. అప్పటికి ఎండ బాగా ఎక్కింది. మోసేవాళ్ళ బనియన్లు తడిసిపోయాయి. ఎదురుగా గేటు రెండు రెక్కలూ తెరిచి, తెల్ల బట్టల్లో గేటాయన, చేతిలో బంతిపూల దండ, పక్కన ఫోన్ పట్టుకున్న వాచ్‌మన్.

"తీయించి పెట్టిన. గీ ఎండల గుట్టెందుకు, గిట్లనే తీస్కపోండ్రి" అన్నాడు గేటాయన. గొంతులో దయ ఉంది. 

డప్పులు ఆగాయి. మోసేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా కులపెద్ద నెమ్మదిగా, "సచ్చినోనితోని పంతమేంది, పోదాం పాండ్రి" అన్నాడు. ఒకరిద్దరు పాడెను గేటు వైపు తిప్పారు కూడా. గుట్ట మీద పాడె జారితే ఊరంతా మమ్మల్నే తిడుతుంది, అదీ నిజమే. నేను అత్తమ్మ వైపు చూశాను. పొద్దటి నుంచి ఒక్క మాట మాట్లాడని మనిషి కొంగు నడుముకు చుట్టుకుంది.

"నిన్ను అడిగినమా సారూ?" అంది గేటాయనతో. తర్వాత మోసేవాళ్ళ వైపు తిరిగింది. "గుట్ట మీదికెల్లే నడువుండ్రి. మా ఆయనకు తొవ్వ ఎరుకే."

నేను పాడెకు ముందు నడిచాను. ప్రతి రాయీ నాకు తెలుసు. ఎడమకు, కుడికి, ఇక్కడ ఆగండి, ఇక్కడ వంగండి అని చెబుతూ ఎక్కించాను. నాలుగుసార్లు భుజాలు మార్చుకున్నారు. ఒక చోట పాడె ఒరిగి అందరి గుండె జారింది, కానీ మామ జారలేదు. ఏడుస్తూనే ఉన్నాను, లోపల మాత్రం మామ పోయాక మొదటిసారి హాయిగా ఉంది. క్షమించడం గొప్ప గుణమని చెప్పేవాళ్ళు చెప్పుకోనీ. ఆ హాయిని నేను ఎవరికీ తిరిగి ఇవ్వను.

నడినెత్తికి చేరాక మోసేవాళ్ళు ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు. నేను వెనక్కి తిరిగి కిందికి చూశాను. ఊరు ఊరంతా మా వెనక గుట్ట ఎక్కుతోంది. ముసలివాళ్ళు కూడా, ఒకరి చేయి ఒకరు పట్టుకుని. అవతల గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉంది. దాని నడుమ గేటాయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. చేతిలో దండ అట్లాగే ఉంది, ఎవరి మెడలో వేయాలో ఆయనకు తెలియడం లేదు.