రెండో భాగంలో నిద్రపోయిన దయానందం

అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవి దాకా రోడ్డు పక్కనున్న గోడలన్నీ దయానందానికి తెలుసు. ఏ గోడ మీద వానజల్లు కొడుతుందో, ఏ ఇంటాయన పోస్టరు కనపడగానే పీకేస్తాడో, ఏ ఇల్లాలు "మా గోడకి మంచి బొమ్మ వెయ్యి బాబాయ్, దెయ్యాలవి వద్దు" అంటుందో అన్నీ అతనికి కంఠతా వచ్చు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మా ఊరి సినిమాహాలుకి పోస్టర్లు అంటిస్తున్నాడు. ఒకప్పుడు సైకిలు మీద తిరిగేవాడు, ఇప్పుడు మోపెడ్ మీద తిరుగుతున్నాడు. వెనక పోస్టర్ల చుట్ట, ముందు మైదా జిగురు బకెట్టు. జిగురు కాచేది భార్య కృపాకుమారి. అందులో చిటికెడు మైలుతుత్తం కలపడం మాత్రం దయానందం ఎవరికీ వదలడు. ఆ నీలం పొడి లేకపోతే మేకలు సాయంత్రంలోగా హీరో మొహం నాకేస్తాయి.

సినిమా ఎలా ఉందో చెప్పడం అతని పని కాదు. కానీ దారి పొడుగునా అందరూ అతన్నే అడుగుతారు. హంసలదీవి వాళ్ళు సినిమాకి రావాలంటే ఒక రోజు చేపల వేట మానుకోవాలి, ఆటో మాట్లాడుకోవాలి, పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎక్కించుకోవాలి. చాలా ఏళ్ళ కిందట ఒకసారి, చూడని సినిమాని "బ్రహ్మాండం" అనేశాడు. ఆ మాట నమ్మి రెండు కుటుంబాలు వచ్చి, ఇంటర్వెల్‌లోనే లేచి వెళ్ళిపోయాయి. తర్వాత ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతన్ని చాలాకాలం బాధపెట్టింది. అప్పటి నుంచి శుక్రవారం మొదటి ఆట చూస్తాడు. శనివారం పొద్దున చిరిగిన పోస్టర్ల మీద కొత్తవి వేసుకుంటూ, అడిగినవాళ్ళకి చూసింది చూసినట్టు చెప్తాడు. అతను బావుందంటే కోడూరు వైపు ఆటోలు కదులుతాయి.

మొన్న వేసవిలో, కవచం తొడుక్కుని ఎగిరే హీరో సినిమా 'నీలికవచం' రెండో భాగం వచ్చింది. మొదటి భాగం మా ఊళ్ళో యాభై రోజులు ఆడింది కాబట్టి ఈసారి పోస్టర్లు రెట్టింపు పంపారు. దయానందం గురువారం ఒక వైపు, శుక్రవారం తెల్లవారుజామున ఇంకో వైపు తిరిగి, స్నానం కూడా చెయ్యకుండా పదకొండు గంటల ఆటకి వచ్చి కూర్చున్నాడు. హాల్లో ఏసీ చల్లగా ఉంది. ఇంటర్వెల్ అయిన కాసేపటికే నిద్రపోయాడు. ఆట అయిపోయి లైట్లు వెలిగాక గేటుమనిషి తట్టి లేపాడు.

సాయంత్రం నేను శాఖా గ్రంథాలయంలో పేపర్లు చదువుకుని బయటికి వచ్చేసరికి ఎదురుగా టీకొట్టు దగ్గర గొడవ జరుగుతోంది. ఒకడు సుహాస్, మా వీధి ఉమాశ్రీ టీచరు కొడుకు, మీసేవలో పనిచేస్తాడు. రెండోవాడు ఏసుబాబు, కోడూరు లైన్లో ఆటో నడుపుతాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు, ఒకే హీరో అభిమానులు. మొదటి భాగానికి కలిసి ఫ్లెక్సీ కట్టారు.

"ఎగరని హీరోని చూడ్డానికి టికెట్టెందుకు బావా? మా నాన్న కూడా ఎగరడు. ఇంట్లో కూర్చుని ఊరికే చూస్తాను" అన్నాడు సుహాస్.

"కవచం వేసుకుంటే ఎవడైనా ఎగురుతాడు. నీకిచ్చినా ఎగురుతావు. అది తీసి అవతల పెట్టి, తుపానులో ఉత్త చేతుల్తో పడవ తోశాడు చూడు, అదీ దమ్మంటే!" అన్నాడు ఏసుబాబు.

"నాకిస్తే తియ్యనే తియ్యను. ఫస్టాఫ్‌లో కొండలు పగలగొట్టినోడు, సెకండాఫ్‌లో ఎలక్షన్లకి నిలబడ్డవాడిలా ఇంటింటికీ తిరిగి దణ్ణాలు పెట్టడమేంటి బావా?"

"పడవలెక్కండి, తుపానొస్తోందని చెప్తున్నాడురా! నువ్వెప్పుడైనా తుపాను చూశావా? మా పెదనాన్నని అడుగు, ఆ సీను చూసి కళ్ళు తుడుచుకున్నాడు."

"ఏడవడానికైతే మా ఇంట్లో సీరియల్ ఉంది. అయినా నీతో నాకెందుకు, ఇదిగో రివ్యూ." సుహాస్ ఫోన్ తీసి, పొద్దున హాల్లో తను తీసిన ఫొటో అందరికీ తిప్పి చూపించాడు. అందులో దయానందం కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. "ముప్పై ఏళ్ళ సర్వీసులో బాబాయ్ హాల్లో ఎప్పుడన్నా కునుకు తీశాడా? ఆయనే పడుకున్నాడంటే ఇంక మనమెంత!"

అందరూ నవ్వారు. ఏసుబాబు నవ్వలేదు. ఆ ఫొటో అప్పటికే కోడూరు వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్ళిపోయింది. ఆదివారానికి హంసలదీవి నుంచి మూడు ఆటోల జనాన్ని ఒప్పించుకున్నాడు అతను. ఆ మూడు ఆటోలవాళ్ళూ ఫోన్ చేసి, "పోస్టర్ల బాబాయే పడుకున్నాడంట కదా, మేం రాంలే" అనేశారు.

అంతలో దయానందమే టీకి వచ్చాడు. సుహాస్ ఎదురెళ్ళి, "నువ్వే చెప్పు బాబాయ్. బోరుకొట్టే కదా పడుకున్నావు?" అని అడిగాడు.

దయానందం గ్లాసు పట్టుకుని వచ్చి గ్రంథాలయం మెట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. "అవునంటే సరిపోద్ది మేష్టారూ" అన్నాడు మెల్లగా. "బోరు కొట్టిందంటే సినిమా మీదకి పోద్ది. వయసైపోయి పడుకున్నానంటే నా మీదకొస్తది. పోయిన నెలే హాలు మేనేజరు గారు అడిగారు, తిరగ్గలరా, కోడూరు లైను ఇంకెవరికైనా ఇమ్మంటారా అని. తిరగ్గలనండీ అని గట్టిగా చెప్పొచ్చాను."

 

టీ పూర్తిగా తాగాక అతనే లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

"సినిమా తప్పు కాదబ్బాయ్. రెండు రోజులు ఎండలో తిరిగాను, ఒళ్ళు ఆగలేదు. ఇదివరకు ఆగేది. సెకండాఫ్ నేను చూడలేదు. బావుందనీ అనను, బాలేదనీ అనను. ఆ ఫొటో కింద ఈ ముక్క కూడా రాసి పంపు."

సుహాస్ మొహం చిన్నబోయింది. "సరదాకి పెట్టాను బాబాయ్... తీసేస్తాలే."

"తియ్యొద్దు. రాయమంటున్నా."

రాశాడు. మర్నాడు మ్యాట్నీకి ఇద్దరూ కలిసే అతన్ని తీసుకెళ్ళారు. చెరోపక్కా కూర్చుని, రెప్ప వాలినప్పుడల్లా పొడిచారట. ఎవరి పక్షం గెలవాలన్నా అతను మేలుకుని ఉండాలి కదా! బయటికి రాగానే ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకున్నారు.

"మొదటి భాగం అంత లేదబ్బాయ్" అన్నాడు దయానందం.

"చెప్పలా!" అన్నాడు సుహాస్.

"ఆగు. ఊళ్ళో తిరగడం ఎక్కువైంది, నిజమే. కానీ ఆ కవచం తీశాక, ఎప్పుడూ చేసినట్టే చెయ్యి పైకెత్తుతాడు, ఏమీ జరగదు. చుట్టూ చూస్తాడు, ఎవరైనా చూశారేమోనని. అక్కడ నాకు..." మాట ఆపి మోపెడ్ తాళం కోసం జేబు తడుముకున్నాడు.

"చెప్పలా!" అన్నాడు ఏసుబాబు. వాళ్ళిద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. బస్టాండు దాకా ఆ వాదన వినిపిస్తూనే ఉందట.

హాలు మేనేజరు శ్యాంబాబు చెడ్డవాడు కాదు. ఫొటో కింద రాసింది చదివి, ఆ సాయంత్రమే దయానందాన్ని పిలిచి కుర్చీ వేయించాడు. "మీరు రోడ్డు మీద ఎక్కడైనా తూలిపడితే నేను కృపాకుమారి గారికి ఏం చెప్పనండీ? ఊళ్ళో గోడలు మీవే. కోడూరు లైను ఇంకొకరికి ఇచ్చాను" అన్నాడు.

సోమవారం పొద్దున బస్టాండులో కనపడ్డాడు. బకెట్టు లేదు, పోస్టర్లు లేవు. ఇస్త్రీ చొక్కా వేసుకుని హంసలదీవి బస్సు కోసం నిలబడ్డాడు. నాకు చాలా రోజులుగా సముద్రం చూడాలని ఉంది. నేనూ ఎక్కాను.

బస్సు దిగేసరికి చిట్టెమ్మ అనే ఆవిడ వల చిక్కు తీసుకుంటోంది.

"బకెట్టేది బాబాయ్?"

"ఇటు ఇంక నేను కాదమ్మా. వేరే మనిషి వస్తాడు. సెకండాఫ్ చూశాను, ఆ సంగతి చెప్దామని వచ్చాను."

"అందుకోసం బస్సెక్కి వచ్చావా?"

"శనివారం చెప్పాల్సింది. ఆలస్యమైంది."

చిట్టెమ్మ వల కింద పెట్టి, "సరే, చెప్పు" అంది. చుట్టుపక్కల ఇళ్ళలోంచి ఇంకో నలుగురు వచ్చారు. దయానందం ఇసుకలో గొంతుకూర్చుని, మొదటి ఆటలో తను ఎక్కడిదాకా చూశాడో, ఎక్కడ నిద్రపోయాడో, రెండోసారి ఏం చూశాడో వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళు మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా విన్నారు.