శుక్రవారం నాటి చేపల ముచ్చట

చేపల తొట్టి అద్దం తుడిచిన గుడ్డను ఎంత పిండి ఆరేసినా దాని వాసన చేతిని వదలదు. నాచు వాసన, తడి ఇసుక వాసన, మేత డబ్బా మూత తీస్తే గుప్పుమనే ఎండు రొయ్యల వాసన, మూడూ కలిసిపోయి సబ్బుతో కడిగినా గోళ్ళ సందుల్లో సాయంత్రం దాకా ఉంటాయి. కరీంనగర్‌లో మా అపార్ట్‌మెంటు హాల్లోకి ఈ తొట్టి వచ్చింది పిల్లల పోరు పడలేక. తెచ్చిన కొన్నాళ్ళకే వాళ్ళకు మోజు తీరిపోయింది, పని మాత్రం నా మెడకు చుట్టుకుంది. వారమంతా బడిలో గొంతు చించుకుని వచ్చిన మనిషికి ఆదివారం నాడు బకెట్లు మోసే ఓపిక ఎక్కడిది? అయినా మోస్తాను. నీళ్ళన్నీ ఒక్కసారి పారబోయకూడదని, కొంచెం తీసి అంతే పోయాలని, కుళాయి నీళ్ళను ఒక పూట నిలవబెట్టి బ్లీచింగ్ వాసన పోయాకే వాడాలని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. సిరిసిల్లలో మా చిన్నమ్మ చేస్తుంటే చూస్తూ పెరిగినదాన్ని.

మాది సాంచాల ఇల్లు. మరమగ్గాలను మా ఊళ్ళో సాంచాలనే అంటారు. ముందు హాలు, దాని వెనక వంటిల్లు, ఆ వెనక రేకుల షెడ్డులో సాంచాలు. కరెంటు ఉన్నంతసేపూ ఆ మోతకు గూట్లో గ్లాసులు గలగలమనేవి, మంచం మీద పడుకుంటే వెన్ను కింద నేల వణుకుతున్నట్టు తెలిసేది, అన్నం గిన్నె మీద మూత తీసి ఒక్క క్షణం మరిచిపోతే దూది పొట్టు తెల్లగా వాలేది. మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడి ఎరగరు. చుట్టాలొస్తే మేము పోట్లాడుకుంటున్నామనుకుని మొహమాటపడేవాళ్ళు. బాపు, అంటే మా నాన్న, పొద్దంతా సాంచాల మధ్య నిలబడి, కరెంటు పోయిందంటే చాలు, అక్కడే నేల మీద చెయ్యి తల కింద పెట్టుకుని ఒరిగిపోయేవాడు. కరెంటు కోత అంటే మిగతా ఊళ్ళకు కష్టమేమో గానీ, మా ఇంట్లో మనుషులకు నడుం వాల్చే వేళ అదొక్కటే.

ఆ ఇంట్లోకి చేపలు రావడానికి కారణం చిన్నాయన, అంటే బాపు తమ్ముడు. చిన్నమ్మతో పెళ్ళయి ఏడాది తిరగకముందే ఆయనకు మస్కట్ వీసా వచ్చింది. పోయేముందు ఒకనాడు కరీంనగర్ వెళ్ళి, బస్సులో ఒడిలో పెట్టుకుని ఒక అద్దాల తొట్టి, ప్లాస్టిక్ సంచిలో ఎర్రవి, నల్లవి చేపలు, బుడగలు వదిలే చిన్న మోటరు తెచ్చాడు. "నీకు పొద్దుపోతది," అని మాత్రం చిన్నమ్మతో అన్నాడు. ఇంటెడు చాకిరీ చేసే మనిషికి పొద్దుపోకపోవడమేమిటని మా అవ్వ, అంటే అమ్మ, వంటింట్లో నవ్వింది.

మొదట్లో చేపలు బతకలేదు. మా ఇంటి మర్యాదే వాటిని చంపింది. ఎవరైనా నోట్లో ముద్ద పెట్టుకుంటూ అటు చూస్తే, నోరు లేని జీవికి పెట్టకుండా తినడమేమిటని ఇంత తుంచి తొట్టిలో వేసేవాళ్ళు. అన్నం మెతుకులు, సకినం ముక్కలు, బోనాలప్పుడు బెల్లమన్నం, చివరికి పక్కింటి పిల్లలు తెచ్చిన మక్క పేలాలు కూడా అందులో పడ్డాయి. తిన్నంత తిని, మిగిలింది అడుగున కుళ్ళి, నీళ్ళు తెల్లబడి చేపలు ఒకటొకటే పక్కకు వాలిపోయాయి. చిన్నమ్మ మిగిలిన వాటిని కాచుకోవడం అప్పుడు మొదలుపెట్టింది. రెండు వేళ్ళకు వచ్చినంత మేతే వేసేది, అదీ అవి తినేదాకా నిలబడి చూసేది. పొట్టు పడకుండా పాత చీర కొంగు చింపి తొట్టికి పరదా కట్టింది. కరెంటు పోతే సాంచాలతో పాటు బుడగల మోటరు కూడా ఆగిపోయేది కదా, అందరూ పడుకుంటే ఆమె మాత్రం చెంబుతో తొట్టిలో నీళ్ళు ముంచి, చెయ్యెత్తి పైనుంచి ధార కట్టేలా తొట్టిలోకే పోస్తూ నిలబడేది. నీళ్ళలోకి గాలి పోవాలట. చెయ్యి గుంజితే రెండో చేతికి మార్చుకునేది.

ఇంత తెలివి ఆమెకు మస్కట్ నుంచి వచ్చేది. అక్కడ చిన్నాయన గదిలో ఒక కేరళ ఆయనకు చేపలు పెంచిన అనుభవం ఉందట. శుక్రవారం సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకు ఫోను వచ్చేది. ఇంటికంతా ఒకటే సెల్లు, దాన్ని టీవీ మీద పెట్టి స్పీకరు ఆన్ చేస్తే అందరం చుట్టూ చేరేవాళ్ళం. మొదలు బాపమ్మ, అంటే మా నాయనమ్మ, "తిన్నవా బిడ్డా" అని కళ్ళు తుడుచుకునేది. తర్వాత బాపు, అవ్వ, పిల్లలం. అందరి తర్వాత, కార్డులో పైసలు అయిపోవచ్చే వేళకు, చిన్నమ్మ వంతు. అత్త, బావగారు, తోటికోడలు, పిల్లలు అందరూ చెవులప్పగించి కూర్చుంటే కొత్త పెళ్ళికూతురు మొగుడితో ఏం మాట్లాడుతుంది?

"చేపలు ఎట్లున్నయి?" అని అడిగేవాడు చిన్నాయన.

"మంచిగనే ఉన్నయి. నల్లది నిన్నటి సంది జర తింటలేదు."

"ఒంటి మీద తెల్ల చుక్కలున్నయా?"

"ఉన్నట్టే ఉన్నయి."

"ఫికర్ చెయ్యకు. దొడ్డుప్పు జరంత కరిగించి పొయ్యి. మల్లా శుక్రారం చెప్పు."

అంతే. కానీ సాంచాల మోతలో ఆ నాలుగు మాటలు అరిచి చెప్పడానికే చిన్నమ్మ వారమంతా తొట్టి ముందు నిలబడేదని, ఆయన వారమంతా ఆ కేరళ ఆయన్ను విసిగించేవాడని నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య వాళ్ళవంటూ ఉన్న మాటలు అవే. చేపలు లేకపోతే ఆమె ఫోను దగ్గరికి వచ్చి నిలబడటానికి కూడా ఒక వంక ఉండేది కాదు. నల్ల చేప కోలుకున్న వారం ఆమె మొహం చూడాలి.

ఆ యేడు సద్దుల బతుకమ్మ గురువారం వచ్చింది. ఇంటి నిండా తంగేడు, కట్ల పూలు, మంకెన పూలు. గునుగు పూలను కట్టలు కట్టి, గిన్నెల్లో కలిపిన గులాబి, ఆకుపచ్చ రంగుల్లో ముంచి చాప మీద ఆరేసి, అవ్వా చిన్నమ్మా మా అంత ఎత్తున బతుకమ్మను పేర్చారు. నువ్వుల సద్ది, పెరుగు సద్ది, మలీద వాసనలతో ఇల్లు ఘుమఘుమలాడింది. తలస్నానాల తొందరలో, చిన్నమ్మ తొట్టి కోసం నిలవబెట్టిన బకెట్టు నీళ్ళు ఎవరో పోసుకున్నారు. సాయంత్రం పట్టుచీరలు కట్టుకుని అందరం చెరువుకు బయలుదేరాం. మోకాళ్ళ నొప్పుల వల్ల బాపమ్మ ఒక్కతే ఇంట్లో ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఏ యేడూ ఆమె బతుకమ్మను నీళ్ళల్లో వదలకుండా ఉండలేదు.

మేము తిరిగి వచ్చేసరికి తొట్టి నీళ్ళు గులాబి రంగులో ఉన్నాయి. మిగిలిపోయిన గునుగు పూలతో చిన్న బతుకమ్మను పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, బాపమ్మ దాన్ని తొట్టిలో వదిలింది. పూల రంగు దారాల్లా కిందికి దిగుతోంది. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి.

"నా కాళ్ళు చెరువు దాకా రావు గద బిడ్డా," అంది బాపమ్మ, సంతోషంగానే. "గీ నీళ్ళు గుడ గంగమ్మనే గద!"

చిన్నమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని చేపలను గిన్నెతో పట్టి బకెట్లోకి మార్చింది. నిలవ నీళ్ళు లేవు. అప్పుడే వచ్చిన కుళాయి నీళ్ళు ఘాటుగా బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి. ఆ నీళ్ళు పనికిరావని మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు, అవి తప్ప వేరే దిక్కు లేదు. తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. పెరట్లో మందార చెట్టు మొదట్లో గుంట తీసి పూడుస్తుంటే బాపమ్మ గోడ పట్టుకుని వచ్చి నిలబడింది. "నా చేతులు ఇరుగ, ఎంత పని చేస్తిని," అంది. నీ తప్పేం లేదన్నట్టు చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది. ఆరోజే శుక్రవారం.

ఫోను వచ్చింది. ఎప్పటిలాగే అందరం చేరాం. చిన్నమ్మ వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి గోరు గిల్లుకుంటోంది. ఈ వారం ఆయనకు చెప్పడానికి ఆమె దగ్గర చేపలు లేవు. మొదటి వంతు బాపమ్మది. "తిన్నవా బిడ్డా" అనలేదు. ఫోను వైపు వంగి, "జర ఆగు," అని, మా వైపు తిరిగింది.

"లేవుండ్రి. అందరు బయటికి నడువుండ్రి."

"ఎందుకే అవ్వా?" అన్నాడు బాపు.

"నడువుమన్ననా లేదా? సాంచాలు గుడ బందు వెట్టు. గా పిల్ల మాట ఆనికి ఇనవడాలె."

కరెంటు ఉండగా సాంచాలు ఆపడం మా ఇంట్లో చావుకు తప్ప ఎరగం. బాపు ఆమె మొహంలోకి చూసి, వెళ్ళి ఆపేశాడు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. బాపమ్మ సెల్లు తీసి చిన్నమ్మ చేతిలో పెట్టి, మమ్మల్నందరినీ వాకిట్లోకి తోలి, తలుపు దగ్గరికి వేసి, నొప్పుల మోకాళ్ళతో గడప ముందు చతికిలబడి కూర్చుంది. లోపలి నుంచి చిన్నమ్మ ఏడుపు వినపడింది. కొంతసేపటికి నవ్వు. ఆమె నవ్వు అలా ఉంటుందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఆ తర్వాత ఏ శుక్రవారమైనా తన ముచ్చట కాగానే బాపమ్మే ముందు లేచేది, ఆమె వెనక మేమంతా లేచేవాళ్ళం. మళ్ళీ చేపలు తెమ్మని చిన్నమ్మ ఎవరినీ అడగలేదు.

బాపమ్మ పోయింది. సాంచాలు పాత ఇనుము కింద పోయాయి. చిన్నాయన నడుము అరగదీసుకుని మస్కట్ నుంచి వచ్చేశాడు. ఆయనా చిన్నమ్మా ఇప్పటికీ వాకిట్లో కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకుంటారు. ఇక్కడ మా ఇంట్లో తలా ఒక ఫోను, తలా ఒక గది. ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఎవరూ లేచి బయటికి పోనక్కరలేదు, పొమ్మని కసిరే పెద్దదిక్కూ లేదు. తొట్టి పని ముగించి కూర్చునేసరికి పిల్లలు వాళ్ళ గదుల్లో ఉంటారు, హాలంతా నాదీ మా ఆయనదీ. ఏ మోతా ఉండదు. ఒంట్లో ఓపిక ఉండదు. ఎవరి ఫోను వాళ్ళం చూసుకుంటూ, నిద్ర వచ్చేదాకా అలాగే కూర్చుంటాం.