పగులు గీత కాదు

సంతోషంగా ఉండమని చెప్పేవాళ్ళంటే నాకు పడదు. ఉద్యోగం నుంచి రిటైరైన నాటి నుంచి అందరూ నాకు అదే పాఠం చెప్తున్నారు. కూతురు చెప్తుంది, చర్చిలో పాస్టరుగారు చెప్తారు, పొద్దున లేచేసరికి ఫోన్లో గులాబీ పువ్వు బొమ్మ పెట్టి నాతో పనిచేసిన సిస్టర్లు చెప్తారు. ముప్పై నాలుగేళ్ళు వేంపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్‌ఎంగా తిరిగాను. టీకాల డబ్బా భుజాన వేసుకుని ఎండలో నడిచినన్నాళ్ళూ, నర్సమ్మా నువ్వు సంతోషంగా ఉన్నావా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఇప్పుడు మోకాళ్ళు అరిగాక అందరికీ నా సంతోషం కావాలి.

కూతురు కడపలో టీచరు. పోయిన వేసవిలో నన్ను అక్కడ ఒక కల్యాణ మండపానికి తీసుకుపోయింది. తెల్ల కుర్తా వేసుకున్న ఒకాయన మైకు పట్టుకుని మలి వయసులో ఆనందం గురించి గంటసేపు చెప్పాడు. ఆయనకు నలభై కూడా ఉండవు. పక్కవాళ్ళ చేయి పట్టుకుని గట్టిగా నవ్వమన్నాడు. నా పక్కన కూచున్న ఆవిడ మొగుడు పోయి ఇంకా ఏడాది తిరగలేదట. ఆవిడ కూడా పళ్ళు బయటపెట్టి నవ్వింది. నేను నవ్వలేదు. వచ్చేటప్పుడు కూతురు ఒక నోటు పుస్తకం కొనిచ్చి, రోజూ నన్ను సంతోషపెట్టిన మూడు సంగతులు అందులో రాయమంది. మొదటి రోజు "కరెంటు పోలేదు" అని రాశాను. రెండో రోజు "ఏమీ లేదు" అని రాశాను. మూడో రోజు పుస్తకం బియ్యం డబ్బా మీద పెట్టేశాను.

డాక్టరు మాత్రం నడవమన్నాడు. సంతోషం ఊసెత్తకుండా నడవమన్నాడు కాబట్టి ఆయన మాట విన్నాను. మా వీధి నుంచి మూతబడిన శెనక్కాయల మిల్లు దాకా పోయి తిరిగి వస్తాను. మిల్లు ముందు రేకుల పంచలో మంచమంత కడప బండ ఒకటి ఉంది. దాని మీద పులిజూదం గీతలు ఉలితో చెక్కి ఉన్నాయి. ఆ ఆట తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ కలిసి పులులను కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. గీత లేని చోట ఎవరూ కదలకూడదు.

పొద్దున ఎనిమిదికల్లా అక్కడ ఐదారుగురు ముసలివాళ్ళు చేరతారు. మిల్లు యజమాని అయిన పెద్దాయన ఎప్పుడూ పులులే పట్టుకుంటాడు. మిగతావాళ్ళు వంతులవారీగా మేకలు పట్టుకుని ఓడిపోతారు, ఓడిపోయి నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నాకు ఈ ఆట మా నాయన నేర్పాడు. ఆయన ఈ పెద్దాయన వాళ్ళ చేన్లోనే కూలికి పోయేవాడు. శెనక్కాయలు విత్తిన రోజుల్లో కాకులు తోలడానికి నన్ను వెంట తీసుకుపోయి, చేను గట్టు మీద పుల్లతో గీతలు గీసేవాడు. పోయేటప్పుడు కాలితో చెరిపేసేవాడు. మరుసటి రోజు మళ్ళీ గీయాలి, అదీ నేనే గీయాలి. ఒక్క గీత తప్పినా అదే పుల్లతో వేలి మీద ఒకటి పడేది. అందుకే ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

రెండు వారాలు దూరంగా నిలబడి చూశాను. ఒకనాడు మేకలు పట్టుకున్న ఆయన అదృష్టం బాగుండి, పులి ఒకటి నాలుగు పక్కలా మూసుకుపోయింది. పెద్దాయన తాపీగా దాన్ని పక్క చోటికి జరిపి, అక్కడి నుంచి ఇంకో మేకను కొట్టాడు. నాకు అర్థం కాలేదు. అక్కడ గీత ఉండకూడదు. వంగి చూశాను. ఉలి గీతలు వేలెడు వెడల్పున నున్నగా ఉన్నాయి. ఇది సన్నగా, కాస్త వంకరగా పోతోంది. అది బండ పగిలిన పగులు. దుమ్మూ వాన నీళ్ళూ పట్టి నల్లబడి, పైనుంచి చూస్తే గీతలాగే ఉంది.

నా నోరు ఊరుకుంటేనా. "అది గీత కాదప్పా, పగులు," అన్నాను.

అందరూ తలలెత్తారు. మా నాయన ఈ పెద్దాయన నాయనను అయ్యా అనేవాడు. నేను ఈయనను, సాటివాణ్ణి పిలిచినట్టు, అప్పా అన్నాను. పగులు కంటే ముందు ఆ మాటే ఆయనకు తగిలిందని ముఖం చూస్తే తెలిసింది.

"ఏందిమ్మా నర్సమ్మా నువ్వనేది?"

"పులికి ఆడ దోవ లేదంటాండా. బండ పగిలితే గీత అనుకోని ఆడతాండారు."

"నలభై ఏండ్ల నుంచి ఆడతాండాం. నువ్వు నిన్న వచ్చి మాకు నేర్పిస్తాండావా? ఈ బండ మీద ఇంతే."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మిగతావాళ్ళు కూడా తలలూపారు. వాళ్ళలో ఇద్దరి పెళ్ళాలకు నేనే కాన్పులు చేశాను. ఆ పగులు వల్ల నలభై ఏళ్ళుగా ఓడిపోతున్నది వాళ్ళే, దాని తరఫున నా మీదికి లేచిందీ వాళ్ళే. నేను ఇంటికి వచ్చి బియ్యం డబ్బా మీది నోటు పుస్తకం తీశాను.

మూడు సంతోషాలు రాయాల్సిన పేజీలో ఆ బండ మీది గీతలన్నీ గీసి, పగులు కూడా గీశాను. మూడు రోజులు చింతగింజలు పెట్టుకుని కూచున్నాను. పగులుండగా కూడా పులులను కట్టే దారి ఉందా లేదా, అదే నాకు కావాలి. ఉంది. పగులు అవతలి చివర ముందుగానే ఒక మేకను కూచోబెట్టాలి. దాన్ని కాపాడడానికి వెనక ఇంకొకటి కావాలి. ఆ రెండూ ఆట అయ్యేదాకా కదలవు. మిగిలిన పదమూడింటితోనే మూడు పులులను కట్టాలి. కష్టం, కానీ కుదురుతుంది.

నాలుగో రోజు పోయి, "మేకలు నేను పడతా," అన్నాను. నవ్వారు. అందులో ఒకాయన లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, బండకు రెండు బారల దూరంలో వేశాడు.

"బండ మీద ఎందుకులేమ్మా, మోకాళ్ళ నొప్పులు గదా. కుర్చీలో కూచోని ఏ మేక యాడ పెట్టాల్నో చెప్పు, మేం పెడతాం."

మర్యాదగా దూరం పెట్టడం వీళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. మా నాయన ఈ మిల్లుకు మూటలు మోసినన్నాళ్ళూ ఈ బండ మీద కూచోలేదు. కూచోవద్దని ఆయనతో ఎవరూ అనలేదు కూడా. అనాల్సిన పని రాలేదు. నేను కుర్చీ పక్కకు జరిపి, మోకాళ్ళు పటపటమంటుంటే బండ మీద పెద్దాయన ఎదురుగా కూచున్నాను. ఒకాయనకు ఉన్నట్టుండి బ్యాంకులో పని గుర్తొచ్చి లేచిపోయాడు. మిగతావాళ్ళు పోలేదు, ఎందుకంటే నేను ఓడిపోవడం చూడాలి.

"కానీప్పా, పులులు పెట్టు," అన్నాను.

ఆ రోజు ఓడిపోయాను. మరుసటి రోజు కూడా ఓడిపోయాను. "చెప్తి గదమ్మా," అని ఆయన చచ్చిన మేకలను నా వైపు తోశాడు, చేతికి ఇవ్వలేదు. వారం తిరగకముందే గెలిచాను. రెండు పులులు కట్టుబడిపోయాయి. మూడోదాని మీద ఆయన వేలు పెట్టి, అలవాటు కొద్దీ పగులు వైపు జరపబోయాడు. అక్కడ నా మేక కూచుని ఉంది. వేలు ఆగింది. ఆయన బండంతా వెతికాడు.

"దోవ లేదప్పా," అన్నాను.

అంత సంతోషం నాకు పెన్షన్ కాగితాలు చేతికొచ్చిన నాడు కూడా కలగలేదు. అది మంచి సంతోషమని నేననను. ఇంకొకరి ముఖం మాడిపోతే కలిగిన సంతోషం అది. పాస్టరుగారికి చెప్తే నా కోసం ప్రార్థన చేస్తారు. అయినా ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచాను, మోకాళ్ళ సంగతే మరిచాను. పుస్తకంలో మొదటిసారి మూడూ నిండాయి: "గెలిచాను. గెలిచాను. ఆయన ముఖం." ఆదివారం ఇంటికి వచ్చిన కూతురు అది చూసి, "ఏందమ్మా ఇది, మంచివి రాయమంటే?" అంది. ఎవరి పిచ్చి వాళ్ళకు ఆనందం అన్నాను.

ఆ తర్వాత నెల రోజులు రోజూ ఆడాం. నాలుగుసార్లు ఆయన గెలిస్తే ఒకసారి నేను గెలిచేదాన్ని. పొద్దున ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. ఈ వయసులో నాకు లేవగానే పోవాల్సిన చోటు ఒకటి ఉంది, అక్కడ ఓడించాల్సిన మనిషి ఒకడున్నాడు. ఇంతకంటే ఏం కావాలి?

పోయిన సోమవారం పోయేసరికి అందరూ బండ చుట్టూ నిలబడి ఉన్నారు. పగులు లేదు. దాని నిండా సిమెంటు పూసి ఉంది, ఇంకా తడిగానే ఉంది.

"నువ్వన్నదే నిజం నర్సమ్మా," అన్నాడు పెద్దాయన. "అది గీత కాదు. పొద్దున్నే మేస్త్రిని పిలిపిచ్చి పూడిపిచ్చినా. ఇంకమీదట సరిగ్గా ఆడదాం. నీకూ శానా సులువవుతాది."

పక్కనున్నవాళ్ళు ఆయనను దానం చేసిన మనిషిని చూసినట్టు చూశారు. నన్ను చూసి, దండం పెట్టమన్నట్టు కనుబొమలెగరేశారు. నాకు కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. అవి కోపంతో వచ్చినవి. నలభై ఏళ్ళు అది గీతే. అక్కడ నా మేక వచ్చి కూచున్నాక పగులైంది. ఇక మీదట నేను గెలిస్తే, అది ఆయన దయతలచి ఇచ్చిన గెలుపు అని ఊరంతా చెప్పుకుంటుంది. నాకున్న ఆ ఒక్క సంతోషాన్ని కూడా ఆయన తన చేత్తో ఇవ్వాలనుకున్నాడు.

కొంగున కట్టుకున్న ఇంటి తాళంచెవి విప్పి, బండ మీద కూచుని సిమెంటు గీకడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తాండావమ్మా! తప్పు అని నువ్వే గదా అన్యావు?"

"తప్పే. నలభై ఏండ్లు దాంట్లోంచే తప్పిచ్చుకోని పోతివి. ఇంకమీదట గూడా అట్లే పో. నేను ఆపుతా."

సిమెంటు ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చింది. కొంగుతో తుడిచాను. పగులు మళ్ళీ నల్లగా, వంకరగా, మొత్తం కనిపించింది.

"కూచోప్పా, పులులు పెట్టు," అన్నాను.

ఆయన చాలాసేపు నిలబడి, కూచుని, మూడు పులులు పెట్టాడు. నేను మొదటి మేకను తీసుకుపోయి పగులు చివర పెట్టాను.