కెమెరాకు బొట్టు ఎక్కడ పెట్టాలి: గౌలిపుర నుంచి కార్వాన్‌కు లెన్సు కోసం ఒక రోజు

మా గౌలిపుర గల్లీలోని పోచమ్మ తల్లికి వెండి ముఖం చేయిస్తున్నామని గుడి కమిటీవాళ్లు చెప్పినప్పుడు గల్లీ అంతా సంతోషపడింది. నర్సవ్వకు మాత్రం దిగులు పట్టుకుంది. నర్సవ్వ మా పక్కింటి పాలవాళ్ల పెద్దావిడ. ఎనభై దాటాయి. కాపురానికి వచ్చిన ఏడాది నుంచి ఏ ఆషాఢమూ తప్పకుండా ఆ తల్లికి బోనం ఎత్తింది. పోయిన చలికాలంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, అప్పటి నుంచి మంచం దిగలేదు. నేను పాలకు వెళ్లిన రోజు నా చెయ్యి పట్టుకుని, “వెండి మొగం నేనెన్నడు సూడలే బిడ్డా. మంచిగనే ఉంటది గావచ్చు. నాకు మాత్రం మా అమ్మ మొగమే గావాలె. నీ డబ్బతోని తీసుకరా” అంది. నా కెమెరాను ఆమె డబ్బ అంటుంది.

వెండి ముఖం తొడిగేది శుక్రవారం. దానికి ముందు గురువారం తెల్లవారుజామున పాత అలంకారమంతా తీసేసి తల్లికి అభిషేకం చేస్తారు. ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు రాతి ముఖం ఏ పూతా లేకుండా కనబడుతుంది. తర్వాత తెర వేస్తారు. శుక్రవారం నుంచి ఆ ముఖం వెండి వెనకే ఉంటుంది. అంటే నాకు దొరికేది ఆ రెండు మూడు నిమిషాలే. నా కెమెరా చూస్తే సరిగా లేదు. అది పాడవడానికి కారణం నేనే.

ఆ సంగతి కూడా చెప్పాలి. మా తమ్ముడు రాజుకు పురానాపూల్ దగ్గర ఫొటో స్టూడియో ఉండేది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక దాన్ని మూసేసి ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ దుకాణంలో పనికి కుదిరాడు. తన కెమెరాను, దానితోపాటు వచ్చిన చిన్న జూమ్ లెన్సును నాకు ఇచ్చాడు. రెండేళ్లుగా ప్రతి శుక్రవారం తల్లి అలంకారం ఫొటో తీసి, గుడికి రాలేని వాళ్లకు చూపిస్తున్నాను. పోయిన దసరాకు ఆయుధ పూజలో మా ఆయన స్కూటర్‌కు, నా కుట్టు మిషనుకు, కత్తిపీటకు పూజ చేస్తూ, కెమెరాను కూడా పీట మీద పెట్టాను. లెన్సు మూత తీసి, అదే దాని ముఖం అనుకుని, సరిగ్గా అద్దం నడుమ గంధం రాసి కుంకుమ పెట్టాను. మర్నాడు చీర కొంగుతో తుడిస్తే పోలేదు. గట్టిగా రుద్దాను. అప్పటి నుంచి ఏ ఫొటోలో చూసినా దీపం చుట్టూ పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. ఈ మాట తమ్ముడికి కూడా చెప్పలేదు. లెన్సు పాతబడిందని మాత్రం చెప్పాను.

“సలీం భాయ్ కాడికి పో అక్కా, కార్వాన్ల. నా స్టూడియోకు లెన్సులన్ని ఆయన కాడనే తెచ్చేటోణ్ణి. పోయేముందుగాల గడప కాడి నుంచి అమ్మ దాక ఎంత దూరమో కొలుచుకొని పో” అన్నాడు తమ్ముడు ఫోన్‌లో. గర్భగుడిలోకి మేము వెళ్లం. అందుకని పూజారి మల్లయ్య తాతే అడుగు వెనక అడుగు ఆనించి కొలిచి ఏడు అడుగులని చెప్పారు.

బుధవారం పొద్దున ఎనిమిదికి బయలుదేరాను. మా దగ్గర నుంచి చార్మినార్‌కు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. ఆటో మీనార్ల ముందు దాకా వెళ్లదు. కొంచెం ముందే దిగి ఐదు నిమిషాలు నడవాలి. డ్రైవర్ నా మెడలో కెమెరా చూసి, “అక్కా, యూట్యూబా?” అని అడిగాడు. కాదన్నాను. “మరి రీల్సా?” అదీ కాదన్నాను. “గయితే గింత పెద్ద కెమెరా ఏంటికక్కా?” అన్నాడు. పోచమ్మ తల్లి ఫొటో కోసమని చెప్పాను. నేను దిగేటప్పుడు అతను, “మా అవ్వ పేరు మీద గూడ ఒక దండం పెట్టు” అని ఆమె పేరు చెప్పాడు.

చార్మినార్ ఫొటోలు కావలసినవాళ్లు తొమ్మిది లోపలే రావాలి. అప్పటికి ఎండ మెత్తగా ఉంటుంది, రోడ్డు ఇంకా బండ్లతో నిండదు. నేను నాలుగు ఫొటోలు తీశాను. సూర్యుడికి ఎదురుగా తీసిన రెండూ తెల్లగా పాలిపోయాయి. పక్క గల్లీలో ఒక బండి దగ్గర వెన్న దోశ తిన్నాను, డెబ్భై రూపాయలు. దోశ వేసే అన్న పెనం మీద వెన్న రాస్తూనే ఫొటో తీయమన్నాడు. తీసి చూపించాను. “ఇదేందక్కా, నా దోశకు మబ్బు పట్టింది?” అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది, సిగ్గూ వేసింది.

అక్కడి నుంచి హుసేనీ ఆలం మీదుగా పురానాపూల్‌కు ఆటోలో వెళ్తే ఎనభై రూపాయలు అయ్యాయి. పొద్దునైతే ఇరవై నిమిషాలు చాలు. కార్వాన్‌లో దుకాణం పదకొండుకు కానీ తెరవరు. అందుకని పాత వంతెన మీద కూరగాయలవాళ్ల మధ్య ఒక అరగంట తిరిగాను. కొత్తిమీర కట్టలు పరుచుకున్న ఒక అక్క, “నన్ను తీస్తవా, కొత్తిమీర తీస్తవా?” అని అడిగింది. ఇద్దరినీ తీస్తానన్నాను. “అయితే నీళ్లు సల్లెదాక ఆగు, మేమిద్దరం మంచిగ కనవడ్తం” అని కట్టల మీద నీళ్లు చల్లి, అదే చేత్తో తన ముఖం కూడా తుడుచుకుంది. మూసీ మీద గద్దలు చక్కర్లు కొడుతున్నాయి. నా లెన్సులో అవి ఆవగింజలంత కనబడ్డాయి. దూరాన్ని దగ్గరగా లాగే పెద్ద జూమ్ ఒకటి ఉంటే గుడి, వంతెన, గద్ద అన్నీ ఒక్కదానితోనే తీయవచ్చు కదా అనుకున్నాను. కార్వాన్ దాకా ఆ ఆలోచనతోనే నడిచాను. నడక పాతిక నిమిషాలు పట్టింది.

సలీం భాయ్‌కు అరవై ఉంటాయి. చిన్న గదిలో మూడు వైపులా అద్దాల అలమారలు, బల్ల మీద విప్పిపెట్టిన కెమెరాలు. తమ్ముడి పేరు చెప్పగానే కుర్చీ తుడిచి వేశారు. నా లెన్సు తీసుకుని టార్చి వేసి చూశారు. తిప్పి మళ్లీ చూశారు.

“అక్కా, ఇది పసుపా, కుంకుమా?”

“గంధం, కుంకుమ. దసరాకు పెట్టాను” అన్నాను తల వంచుకుని.

“మనిషికి బొట్టు యాడ పెడ్తరు?”

“నుదుట.”

“మరి దీనికి కండ్లల్ల పెట్టినవేంది అక్కా? ఇది కన్ను. మొగం గాదు.” పెద్దగా నవ్వలేదు కానీ మీసం కింద నవ్వు దాగలేదు. “కుంకుమ పోతది. నువ్వు కొంగుతోని రుద్దినవ్ సూడు, దాంతోని మీది పూత పోయింది. అది మళ్ల రాదు. ఫికర్ జెయ్యకు. ఇంకోటి సూద్దాం.”

వంతెన మీద అనుకున్నట్టే, అన్నిటికీ పనికొచ్చే పెద్ద జూమ్ కావాలని చెప్పాను. ఆయన బల్ల మీద రెండు పాత లెన్సులు పెట్టారు. ఒకటి పద్దెనిమిది నుంచి రెండు వందల మిల్లీమీటర్ల వరకు, ఆ అంకె పెరిగేకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా కనబడుతుంది. రెండోది పదిహేడు నుంచి యాభై వరకే. ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే. మొదటిది పదమూడు వేలు, రెండోది పన్నెండు. “నీ కెమెరా క్రాప్ సెన్సర్ది. అంటే లోపటి పలక చిన్నది. లెన్సు సూపెట్టే బొమ్మల నడిమి ముక్కనే పడ్తది. గందుకే ఏ లెన్సు పెట్టినా ఒకటిన్నర రెట్లు దగ్గరకొచ్చినట్టు కనవడ్తది. యాభై పెడితే డెబ్బై అయిదు లెక్క. నీకు అమ్మవారు ఎంత దూరముంటది?”

ఏడు అడుగులని, రేపు తెల్లవారుజామున తీయకపోతే ఆ ముఖం ఇక వెండి వెనకే ఉంటుందని చెప్పాను.

“లైటు?”

“బల్బు లేదు. నూనె దీపం ఒక్కటే. ఫ్లాష్ వేయనివ్వరు.”

ఆయన గడ్డం గోక్కున్నారు. “పెద్ద జూమ్ దూరానికి మంచిది. కాకుంటే ఎంత దగ్గరికి లాగితే అంత చీకటైతది, వెలుతురు లోపటికొచ్చే దాని కిటికీ చిన్నగైతది. ఈ చిన్నదాని కిటికీ మాత్రం ఆఖరు దాక గంతే పెద్దగుంటది. నా మాట నమ్మకు. రెండు తీస్కపో. ఎనక గల్లీల గుడి ఉంది గదా, గాడ తీసి సూడు.”

ఆధార్ కార్డు తీసి ఇవ్వబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు. “రాజు అక్కవు. కార్డు నీ కాడనే ఉంచుకో.” పాతిక వేల వస్తువులు నా సంచిలో పెట్టి పంపిన ఆ మనిషిని అంతకుముందు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ గుడి చిన్నది, చీకటిగా ఉంది. అయ్యగారి అనుమతి తీసుకుని గడప ఇవతల నిలబడ్డాను. రెండు లెన్సులూ యాభై దగ్గరే ఉంచి తీశాను. పెద్ద జూమ్‌తో కెమెరా ఒక్కో ఫొటోకు ఎనిమిదో వంతు సెకను వెలుతురు అడిగింది. నేను చేతులు ఎంత బిగబట్టినా అమ్మవారి కళ్లు చెదిరాయి. చిన్నదాని మీద ఆ కిటికీ కొలత రెండు పాయింట్ ఎనిమిది అని రాసి ఉంది, దానితో ఇరవై అయిదో వంతు సెకను సరిపోయింది. ఐదు తీస్తే మూడు నిలకడగా వచ్చాయి. ఇంకా వెడల్పుగా పెడితే గుడి గోడలు, గంట, ముంగిలి అన్నీ వచ్చాయి. గల్లీకీ ఇది సరిపోతుందని అప్పుడే అనిపించింది.

అయినా దుకాణంలో మళ్లీ కూర్చున్నాక నా మనసు పెద్దదాని మీదికే పోయింది. ఫొటోలన్నీ కెమెరా తెర మీద చూపించాను. “భాయ్, దీనితో అయితే వంతెన మీద గద్దలను కూడా తీయొచ్చు” అన్నాను.

“గద్ద ఎల్లుండి గూడ వస్తది అక్కా. మీ అమ్మ మొగం వస్తదా?”

చిన్నదే తీసుకున్నాను. కెమెరా లోపల చేరిన దుమ్మును కూడా ఆయన ఒక రబ్బరు బుడ్డితో ఊది శుభ్రం చేశారు. దానికి ఎంతని అడిగితే, “నువ్వు చేసినట్టే నేను గూడ పూజ చేసిన, గంతే” అన్నారు. కార్వాన్ నుంచి అఫ్జల్‌గంజ్‌కు బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులు అడగరు. అక్కడి నుంచి షేర్ ఆటో ఎక్కి నాలుగున్నరకు ఇంట్లో ఉన్నాను. దారి పొడుగునా సంచిని ఒళ్లోనే పెట్టుకున్నాను.

గురువారం ఐదున్నరకు గుడి తలుపు తీశారు. మల్లయ్య తాత నన్ను చూసి, “ఫ్లాష్ కొడితె ఊకోను బిడ్డా, ముందే చెప్తున్న” అన్నారు. కొట్టనని దండం పెట్టాను. అభిషేకం అయింది. తాత తడిగుడ్డతో ఏళ్లనాటి సింధూరాన్ని ఒక్కొక్క పొరగా తీస్తుంటే కింద నల్లరాయి కనబడింది. ఎడమ బుగ్గ మీద చిన్న పెచ్చు ఊడిన గుర్తు ఉంది. ఇన్నేళ్లలో అది నేను చూడనే లేదు. తాత పక్కకు జరిగి దీపం ఎత్తి పట్టుకున్నారు. మోచేతులు పొట్టకు ఆనించుకుని ఊపిరి బిగబట్టి పదకొండు ఫొటోలు తీశాను. తర్వాత తెర పడింది. మొదటి రెండు చెదిరాయి, ఎందుకంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగిలినవి మంచిగా వచ్చాయి.

సాయంత్రానికి తమ్ముడు ఒకటి పెద్దగా ప్రింట్ వేసి స్కూటర్ మీద తెచ్చాడు. ఇద్దరం నర్సవ్వ దగ్గరికి వెళ్లాం. ఆమె ఫొటోను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. ముందు బుగ్గ మీది గుర్తును వేలితో తడిమింది. “ఇది నేను పెండ్లయి వచ్చినప్పటి సంది గిట్లనే ఉన్నది” అంది. ఆమెకు ఆ గుర్తు తెలుసు. తర్వాత తల ఎత్తి నన్ను కోపంగా చూసింది. “అమ్మకు బొట్టేది?”

అభిషేకం అయ్యాక తీసిన ఫొటో అని, అప్పటికి ఇంకా బొట్టు పెట్టలేదని చెప్పాను. “గట్లెట్ల ఉంచుతరు?” అంది. కోడలితో కుంకుమ భరిణె తెప్పించుకుంది. నీళ్ల గ్లాసు కూడా సరిగా పట్టలేని ఆ చేతి వేలు కాగితం మీదికి దిగి, రెండు కళ్ల పైన, సరిగ్గా నుదుటి నడుమ ఆగింది. నేను దసరాకు పెట్టిన బొట్టు నాకు గుర్తుకు వచ్చింది. తమ్ముడు నా వైపు చూశాడు. సలీం భాయ్ అతనికి అంతా చెప్పేసినట్టుంది.

ఆ ఫొటో ఇప్పుడు నర్సవ్వ మంచానికి ఎదురుగా గోడ మీద, బొట్టుతోనే ఉంది. గుడిలో తల్లి వెండి ముఖంతో వెలిగిపోతోంది, అదీ చూసి దండం పెట్టుకుంటున్నాను. లెన్సు కోసమని వెళ్లి నేను తెచ్చుకున్నది లెన్సు ఒక్కటే కాదు. కార్డు అడగని సలీం భాయ్, అడుగులు కొలిచిన మల్లయ్య తాత, వాళ్ల అవ్వ పేరు చెప్పిన ఆటో అన్న, వీళ్లందరినీ పూజలో తలుచుకుంటున్నాను. పురానాపూల్ మీది గద్దలు ఇప్పటికీ నా ఫొటోల్లో ఆవగింజలంతే ఉన్నాయి, వాటికి నేనేమీ బాధపడటం లేదు. మీ ఇంట్లో కూడా దసరాకు కెమెరాను పీట మీద పెట్టే అలవాటు ఉంటే నాది ఒక్కటే మాట. లెన్సు మూత తీయకండి. లెన్సుకు పైన, కెమెరా మధ్యలో కొంచెం ఎత్తుగా ఉబ్బిన చోటు ఉంటుంది. అదే దాని నుదురు. బొట్టు అక్కడ పెట్టండి.